నాలుగు పేజీల కథ

ఇటు జరగండర్రా. సిగడికి వీపు పెట్టి కూర్చుంటే వీపు కాలుతుంది గానీ చేతులకి వెచ్చదనం తగలదు. చిన్నోడా, ఆ మామిడి పుల్ల అడ్డంగా పడేయకు, నిలబెట్టు. పొగ మింగడం నాకలవాటే, మీ ముక్కులే సుకుమారం. ఒకప్పుడు ఈ సిగడిలో రాక్షసి బొగ్గు వేసేవాళ్ళం. సాయంత్రం ఆరయ్యేసరికి సెక్టారంతా గుమ్మం ముందు ఒక సిగడి చొప్పున వెలిగేది. ఆ పొగ చలికి పైకి లేవలేక మోకాళ్ళ ఎత్తున తిరుగుతుండేది. సైకిలు మీద పోయేవాళ్ళు పొగలోంచి దగ్గుకుంటూ వచ్చి, దగ్గుకుంటూ పోయేవారు.

అమ్మలూ, ఆ కాయితం ఇలా తే. బళ్ళో ఏటి రాయమన్నారు? ‘నేనెవరు’ అని ఒక పేజీ. సరే, నువ్వు రాసిందేటి? పేరు. తరగతి. ఉండే ఊరు భిలాయి. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. మాతృభాష తెలుగు. ఆ కింద అంతా ఖాళీ. రెండుసార్లు వెళ్ళిన ఊరు సొంతూరెలా అవుతుంది తాతా, కూడబలుక్కుని చదివే భాష మాతృభాషెలా అవుతుంది అని నన్నడుగుతున్నావు. బాగుంది. రైలు పట్టా పొడవెంతో అడుగు, చెప్తాను. నేను 1961లో చేరేనాటికి రైలు మిల్లు మొదలై ఏడాదైనా కాలేదు, అప్పుడు పట్టా 13 మీటర్లు. ఇప్పుడు అతికి అతికి 260 మీటర్లది బండెక్కిస్తున్నారు. ఆ లెక్కలు నాకొచ్చు. ‘నేనెవరు’ అన్న లెక్క నాకూ తెగలేదు.

తెగలేదు గానీ, కొంత తెలిసింది. ఆ తెలిసింది కూడా ఎవరో పెద్దాయన కూర్చోబెట్టి చెప్పింది కాదు. కథలు చదువుకుంటే తెలిసింది. నవ్వకు.

పలాస దగ్గర పల్లె మాది. విజయనగరంలో బండెక్కితే పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరతాం. అక్కణ్ణుంచి పవర్‌హౌస్ స్టేషను. దిగేసరికి చొక్కా నిండా బొగ్గు నుసి. రష్యావాళ్ళతో ఒప్పందం 1955లో అయింది, రాజేంద్రప్రసాద్ గారొచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించింది 1959 ఫిబ్రవరిలో. నేనొచ్చేసరికి ఎటు చూసినా కొత్త క్వార్టర్లే, చెట్టన్నది లేదు. దల్లీ రాజహరా నుంచొచ్చే ఎర్ర ఖనిజం దుమ్మూ, రాత్రి స్లాగు పోసినప్పుడు ఎర్రబడే ఆకాశమూ. మొదటి రాత్రి ఎక్కడో ఊరు కాలిపోతోందనుకుని మంచం మీంచి లేచి లగెత్తబోయాను. పక్క మంచం మలయాళీ చెయ్యి పట్టుకుని ఆపాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. ‘ప్లాంట్, ప్లాంట్’ అన్నాడు. అదీ ఈ ఊళ్ళో నాతో ఎవరైనా ఆడిన మొదటి మంచి మాట.

తరవాత పెళ్ళీ, పిల్లలూ. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పాలవాడితో ఛత్తీస్‌గఢీ, ఎదురింటి పిల్లలతో బెంగాలీ తిట్లు. మీ అత్త కలలో కూడా హిందీలోనే కలవరించేది. మా ఇంటికి అప్పుడు తెలుగు వచ్చేది రైల్లోనే. చందమామ ఒకటీ, అప్పుడప్పుడు యువా, రెండు మూడు రోజులు ఆలస్యంగా వారపత్రికలూ.

చందమామ నేనే పైకి చదివేవాణ్ణి. నాకో చెడ్డ అలవాటుండేది. ఏ కథ చదివినా చివర, ‘చూశారా, అబద్ధమాడితే ఏమవుతుందో’ అని ఒక నీతి తగిలించేవాణ్ణి. పిల్లల మొహాలు చూడాలి, ఆముదం తాగినట్టు పెట్టేవారు. బేతాళ కథల దగ్గర మాత్రం నా ఆటలు సాగలేదు. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు కదా, తప్పెవరిది అని అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. నేను సరిగ్గా అక్కడ జవాబు మీద బొటనవేలు అడ్డం పెట్టి ఆపేవాణ్ణి. ఇంక చూస్కో, ముగ్గురూ మూడు వైపులు. మీ అత్త ఎప్పుడూ మాట నిలబెట్టుకున్నవాడి వైపు. మీ పెదనాన్న కష్టపడినవాడి వైపు. మీ నాన్న మాత్రం కథలో ఎవరూ పట్టించుకోని వాణ్ణి పట్టుకునేవాడు, ‘మరి ఆ గుర్రం కాసినవాడికేం ఇచ్చారు?’ అని. వాళ్ళకప్పటికి పదేళ్ళు కూడా లేవు. ఈ రోజుకీ ఆ ముగ్గురూ అలాగే ఉన్నారు. ఆస్తి మాటొచ్చినా, పెళ్ళి మాటొచ్చినా, ఎవరు ఏ వైపు నించుంటారో నేను ముందే చెప్పగలను. వాళ్ళని నేనేమీ తయారుచెయ్యలేదమ్మలూ. జవాబు మీద వేలు పెట్టి ఊరుకున్నాను, అంతే.

ఒకరోజు మీ పెదనాన్న బళ్ళోంచి ‘ఈద్‌గాహ్’ పాఠం చదువుకుని వచ్చాడు. ప్రేమ్‌చంద్ 1933లో రాసిన కథ, నువ్వూ చదివే ఉంటావు. హమీద్ దగ్గర మూడు పైసలుంటాయి. తోటి పిల్లలు బొమ్మలూ మిఠాయిలూ కొనుక్కుంటే వాడు మామ్మకి పటకారు కొంటాడు, రొట్టెలు కాల్చేటప్పుడు ఆవిడ వేళ్ళు కాలుతున్నాయని. నేను పరవశించిపోయి, ‘నువ్వయితే ఏం కొంటావురా?’ అన్నాను. ‘జిలేబీ’ అన్నాడు, తడుముకోకుండా. నాకు ఒళ్ళు మండింది. అంత మంచి కథ చదివి జిలేబీయా అని రెండంటించబోయాను. మీ మామ్మ అడ్డమొచ్చింది. ‘ఉన్నమాట చెప్పేడు, కొడతారేటి? హమీదులాగ చెప్పమంటే చెప్తాడు, రేపట్నుంచి మీకు వినబడ్డానికే చెప్తాడు’ అంది. అదీ నిజమే. మిఠాయి మీద ఆశ లేనివాడు పటకారు కొంటే అందులో గొప్పేముంది? హమీదుకీ నోరూరింది, కథలో ఆ సంగతి ఉంది. పాఠం చెప్పేవాళ్ళు ఆ ముక్క బేగి దాటేస్తారు.

ఆ కర్ర కొంచెం లోపలికి తొయ్యి. ఆఁ.

ఇప్పుడు మీ నాన్న సంగతి. మీ అత్త రష్యా కథల పుస్తకం ఒకటి తెచ్చింది, హిందీలోది. ఆ రోజుల్లో మాస్కోలో అచ్చయిన పుస్తకాలు తెలుగులోనూ హిందీలోనూ కారుచవగ్గా దొరికేవి. దళసరి కాయితం, రంగు బొమ్మలు. అందులో చెహోవ్ రాసిన ‘వాంకా’ ఉంది. తొమ్మిదేళ్ళ గుంటడు. చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టారు, మాస్కోలో. దెబ్బలు, ఆకలి. క్రిస్మస్ ముందురోజు రాత్రి అందరూ ప్రార్థనకి వెళ్ళినప్పుడు దొంగచాటుగా తాతకి ఉత్తరం రాస్తాడు, నన్ను తీసుకుపో అని. కవరు మీద ‘పల్లెలో తాతకి’ అని రాసి డబ్బాలో పడేస్తాడు. అంతే. ఊరి పేరు లేదు. ఉత్తరం పడేసి వచ్చి హాయిగా నిద్రపోతాడు.

మీ అత్త అది చదివి వినిపించి పుస్తకం మూసేసింది. మీ నాన్న అడిగాడు, ‘చేరిందా?’ అని. అది చెప్పలేదురా కథలో అంది. ‘చేరుతుందా మరి?’ చేరదు. వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను బి షిఫ్టు దిగి పదిన్నరకి వచ్చేసరికి, దీపం కింద బోర్లా పడుకుని ఉత్తరం రాస్తున్నాడు, ఊళ్ళో ఉన్న మా నాన్నకి. భుజం మీంచి తొంగిచూశాను. మాటలు తెలుగు, అక్షరాలు హిందీ. తెలుగు అక్షరాలు వాడికప్పటికి రావు. ‘తాతా, నువ్వు బాగున్నావా, ఆవు ఈనిందా, నేను బాగున్నాను’ అని తలకట్టు గీతలు గీసి మరీ రాశాడు. కవరు మీద మాత్రం ఊరు, మండలం కాదప్పుడు, తాలూకా, జిల్లా, అన్నీ నాచేత రెండుసార్లు చెప్పించుకుని, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాడు. ఎంత గట్టిగా నొక్కాడంటే కవరు లోపలి ఉత్తరం మీద కూడా ఆ అచ్చు పడింది.

అది చేరింది. చేరితే ఏం లాభం, మా ఊళ్ళో హిందీ అక్షరం వచ్చినవాడు లేడు. మా నాన్న ఆ ఉత్తరం తలపాగాలో పెట్టుకుని స్టేషను దాకా నడిచాడట. అక్కడ రైల్వేలో ఒక ఉత్తరాదివాడు, పాపం, తెలుగు ముక్క రానివాడు. వాడు అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు, ఏం చదువుతున్నాడో వాడికి తెలీదు. మా నాన్నకి అక్షరం తెలీదు గానీ ప్రతి మాటా తెలిసింది. ఆవు ఈనిందా అన్న దగ్గర, ‘ఈనింది, ఈనింది, పెయ్య’ అని ఆ చదివేవాడికే జవాబు చెప్పాడట. తరవాత నేను సెలవుకి వెళ్ళినప్పుడు ఊరంతా అదే చెప్పుకున్నారు.

నువ్వడిగావు చూడు, చదవడం రాని భాష నాదెలా అవుతుందని. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఆ ఉత్తరం చదివినవాడిది హిందీ, విన్నవాడిది తెలుగు, రాసినవాడు భిలాయివాడు. ఎవరిదని చెప్తావు? నాకైతే తెలీదు.

మనూళ్ళోనే ఇంకొకావిడుంది. తీజన్ బాయి. ఇక్కడి గనియారీ పల్లె. మన ప్లాంటులోనే ఉద్యోగం చేసింది. పండవానీ పాడేది, మన బుర్రకథలాగ తంబురా పట్టుకుని, నిలబడి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కూర్చునే పాడాలట, లేచి నిలబడి కథ ఆడటం మగవాళ్ళ పద్ధతి. ఈవిడ నిలబడింది. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అవన్నీ అలా ఉంచు. నేను చూసింది చెప్తాను. తంబురా భుజాన వేస్తే గద, ఆవిడ భీముడు. అదే తంబురా ముందుకు చాస్తే విల్లు, ఆవిడ అర్జునుడు. ఒళ్ళో పెట్టుకుని తలవంచితే ద్రౌపది. మధ్యలో ఆగి పాన్ మరక తుడుచుకుంటే మళ్ళీ మనూరి ఆడమనిషి. మీ అత్త నోరు తెరుచుకుని చూసింది. ఇంటికొచ్చి చీపురు పట్టుకుని వారంరోజులు భీముడైంది. అద్దం బద్దలుకొట్టింది కూడా.

ఇంకోటి, మీ మామ్మ వినకుండా చెప్తాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది కదా, పరవాలేదు.

మా రోజుల్లో వారపత్రికల్లో సీరియళ్ళు పేజీలు విడదీసి, అన్నీ చేరాక దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత కేలండరు అట్టగా వేసి మైదా జిగురుతో అంటించేవాళ్ళం. నేనందులో నేర్పరిని. మన పత్రికలు మనం చింపుకుంటే తప్పులేదు. అయితే తెలుగువాళ్ళకి పుస్తకాలిచ్చే చోటు ఒకటుండేది, పేరెందుకులే. అక్కణ్ణుంచి తెచ్చిన పత్రికలో ఒక కథ చదివాను. నాలుగు పేజీలు. కథ పేరు మర్చిపోయాను, రాసినాయన పేరూ మర్చిపోయాను. అందులో ఒకడు ‘ఏటి’ అన్నాడు. ‘ఏటిరా గుంటడా’ అన్నాడు. మన ఏటి, అచ్చులో! అంతవరకూ నా మాట పుస్తకంలో ఉంటుందని నాకు తెలీదు. పుస్తకాల్లో అందరూ ‘ఏమిటి’ అంటారు, మనం నోరు జారి ‘ఏటి’ అంటామనుకునేవాణ్ణి. ఇక్కడి తెలుగువాళ్ళలోనే కృష్ణా జిల్లావాళ్ళుంటే వాళ్ళ ముందు నోరు దగ్గరపెట్టుకుని మాట్లాడేవాణ్ణి. తరవాత్తరవాత తెలిసింది, గురజాడ మనవైపువాడే, రావిశాస్త్రి మనవైపువాడే, చాసో మనవైపే, కారా మాస్టారు మనవైపే, మన యాసని వాళ్ళు కథల నిండా పరిచేశారని. అప్పటికి మాత్రం ఆ నాలుగు పేజీలే.

ఆ పేజీలు చింపేశాను. చప్పుడవకుండా, తడిగుడ్డతో మడత మీద రాసి మరీ. నాదే అనిపించింది. నా గురించి రాసింది నాది కాకపోతే ఎవరిది?

మీ మామ్మ చూసింది. ‘ఎవరో రాసేరు, ఎవరో కొన్నారు, మధ్యన మీదెలా అయింది?’ అంది. ఈ ఊళ్ళో మీలాగే ఇంకొకడు ఆ పత్రిక తీసి, సరిగ్గా ఆ నాలుగు పేజీల దగ్గరకొచ్చి, ఖాళీ చూసుకుంటే? అంది. నేను కసిరాను. ఆవిడ ఊరుకుంది. రాత్రి అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు డ్యూటీ దిగి నేరుగా వెళ్ళాను. పేజీలు బల్లమీద పెట్టి తప్పయిపోయిందన్నాను. అక్కడాయన కళ్ళజోడు పైకెత్తి చూసి, ఏమీ అనకుండా జిగురు సీసా తీసి ముందు పెట్టాడు. నాలుగూ నా చేతే అతికించాడు. అంచులు కొంచెం ఎగుడుదిగుడుగా వచ్చాయి.

ఇదంతా నేను మర్చిపోయాను కూడా. రిటైరయ్యాక ఒకటి చదివాను. భండారు అచ్చమాంబ అని, మన తెలుగులో మొదటి కథకురాలు. చాలాకాలం గురజాడ ‘దిద్దుబాటు’ మొదటి కథ అన్నారు, అది 1910. ఈవిడ ‘ధనత్రయోదశి’ 1902లోనే హిందూసుందరి పత్రికలో వచ్చింది. అందులో పేద గుమాస్తా, దీపావళి దగ్గరపడింది, చేతిలో డబ్బు లేదు. యజమాని డబ్బు మీద చెయ్యి వేస్తాడు. పెళ్ళాం ఒప్పుకోదు. నేను చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి వంటింటి వైపు చూశాను. మీ మామ్మ బెండకాయలు తరుగుతోంది. ఆ కథ ఈవిడ చదవలేదు, అప్పటికి అచ్చమాంబ పేరుకూడా విని ఉండదు. నూరేళ్ళ కిందట అచ్చులో ఉన్న మనిషి నా వంటింట్లో ఉంది.

ఇంకా విను. ఆ అచ్చమాంబ ఎక్కడో ఆంధ్రలో కూర్చుని రాసింది కాదు. భర్త ఉద్యోగం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో. ఆవిడ కాపురం ఇటే, మనలాగే. 1905లో, ముప్ఫయ్యేళ్ళు దాటీ దాటకుండా పోయింది, ఇదిగో ఈ బిలాస్‌పూర్‌లోనే, ప్లేగు రోగులకి సేవ చేస్తూ. ఇక్కణ్ణుంచి రైలెక్కితే రెండు మూడు గంటలు. అదే బిలాస్‌పూర్ వైపు పేండ్రాలో మాధవరావు సప్రే అని ఒకాయన ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ పత్రిక నడిపాడు. 1901లో అందులో ఒక కథ రాశాడు. హిందీలో తొలి కథల్లో దాన్నొకటిగా లెక్కపెడతారు. పేరు ‘ఏక్ టోక్‌రీ భర్ మిట్టీ’, అంటే గంపెడు మట్టి. జమీందారు ఒక ముసలమ్మ గుడిసె లాక్కుంటాడు. ఆవిడొచ్చి, పొయ్యి వేసుకుంటాను, మనవరాలు ఈ ఇంటి మట్టి పొయ్యి మీద వండితే గానీ తిననంటోంది, గంపెడు మట్టి తీసుకుపోనివ్వు అంటుంది. గంప నిండాక ఒక చెయ్యి వెయ్యమని ఆయన్నే అడుగుతుంది. లేవదు. ఒక్క గంప ఎత్తలేనివాడివి, ఈ నేలంతా జన్మంతా ఎలా మోస్తావయ్యా అంటుంది. ఆయన తల దించుకుని గుడిసె ఇచ్చేస్తాడు.

ఏడాది తేడాలో, ఇద్దరూ, రెండు భాషల్లో. ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి తెలుసో తెలీదో. తీసుకున్నది ఒకచోట డబ్బు, ఒకచోట గుడిసె. నా దగ్గర నాలుగు పేజీలు. ఆపింది మూడుచోట్లా ఆడమనిషే.

చాసో కథ ఒకటుంది, ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ అని. బడి మాన్పించిన కుర్రాణ్ణి నాన్న చుట్టలు తెమ్మని పంపుతాడు, తోవలో బడి. అది మాత్రం నేను ఎవరికీ పైకి చదివి వినిపించలేదు. మీరే చదువుకోండి. మీకు తెలుగు వచ్చాక. నాకూ బడి మానేసిన ఏడాది ఒకటుంది.

1997లో శ్రీకాకుళంలో కారా మాస్టారు కథానిలయం పెట్టారు, ఉన్న తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని. నేను వెళ్ళాను. ఆ నాలుగు పేజీలు వెతుకుదామని. పేరు తెలీదు, సంవత్సరం తెలీదు, ‘అందులో ఒకడు ఏటిరా గుంటడా అంటాడండీ’ అని అడగడానికి సిగ్గేసింది. ఆ బీరువాలకేసి కాసేపు చూసి...

ఏటే? వంటింట్లోంచి ఏటంటావు?

వినబడింది, వినబడింది. పిల్లలకి ఏదో చెప్తున్నానులే. ఆఁ? లేదు, నేనే... సరే. సరేనే. నువ్వే. అరవకు, పక్కింటివాళ్ళు వింటారు.

చెప్తున్నానర్రా. పేజీలు పట్టుకుని వెళ్ళిన మాట నిజమే. లోపలికి వెళ్ళింది నేను కాదు, మీ మామ్మ. తప్పయిపోయిందన్నదీ ఆవిడే. అతికించిందీ ఆవిడే, ఎగుడుదిగుడుగా. ఆయన కళ్ళజోడు పైకెత్తాడన్నది కూడా ఆవిడ చెప్తేనే నాకు తెలుసు. నేను బయట వేపచెట్టు కింద సైకిలు పట్టుకుని నించున్నాను. స్టాండు వెయ్యడానిక్కూడా చెయ్యి రాలేదు.

అమ్మలూ, ఏటది? రాస్తున్నావా?

అది రాయకు. అది బళ్ళో ఇచ్చే కాయితం. ఇలా తే... ఏం రాశావు? హిందీలో రాశావా? చదవవే. కళ్ళజోడు లోపలుంది. నువ్వే పైకి చదువు.